కూలి లేని చేతులు, పేరు లేని పనితనం

‘సార్, వాలంటీర్ అంటే కూలి ఉండదు గదా, బస్సు కిరాయైనా ఇస్తరా?’

గత ఏడాది మా విభాగంలో పీజీ చదువుతున్న ఒక విద్యార్థిని నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆమెది మహబూబాబాద్ జిల్లా నెల్లికుదురు మండలంలోని ఒక ఊరు. హైదరాబాద్‌లో నాలుగు రోజులు జరిగే ఒక డిజైన్ ఉత్సవానికి స్వచ్ఛంద కార్యకర్తలు కావాలన్న ప్రకటన ఆమె ఫోనులో కనిపించింది. ప్రకటన ఇంగ్లీషులో ఉంది. వచ్చినవారికి ధ్రువపత్రం, ఒక చొక్కా, మధ్యాహ్న భోజనం ఇస్తామని అందులో రాశారు. ప్రసిద్ధ డిజైనర్లతో పరిచయం కలుగుతుందని కూడా ఉంది. చార్జీలు, బస ఎవరికి వారే చూసుకోవాలి. ఆమె ప్రశ్నకు నా దగ్గర సూటి జవాబు లేకపోయింది. ‘ఇవ్వరు, కానీ వెళ్లు, మంచి అనుభవం’ అన్నాను. ఉపాధ్యాయులు సాధారణంగా చెప్పే మాటే అది. ఆ మాట ఎంత తేలికగా అన్నానో ఆమె తిరిగి వచ్చాక గాని నాకు అర్థం కాలేదు.

ఆమె తాత మాదిగ పనితనం తెలిసిన మనిషి. చెప్పులతో పాటు మోటబావులకు తోలు బొక్కెనలు, తొండాలు కుట్టేవాడు. ఉత్సవంలో ఆమెను నిలబెట్టిన గదిలో పాత పల్లె పనిముట్లను అలంకారంగా అమర్చారు. వాటి మధ్య ఒక మోట బొక్కెన, ఎండి బిగుసుకుపోయిన దాని తోలు తొండం ఉన్నాయి. పక్కనున్న అట్టముక్క మీద ‘గ్రామీణ హస్తకళ, కళాకారుడు అజ్ఞాతం’ అన్న అర్థంలో ఇంగ్లీషులో రాశారు. చూడవచ్చిన ఒక కుటుంబం ఇదేమిటని అడిగితే, ఆమె తాత దగ్గర విన్నదంతా ఉత్సాహంగా చెప్పింది. చుట్టూ పది మంది చేరారు. కాసేపటికి నిర్వాహకులలో ఒకరు వచ్చి, ‘వివరించడానికి వేరే వాళ్లున్నారు, నువ్వు దారి చూపిస్తే చాలు’ అన్నారు. వారు కోపంగా అనలేదని, నవ్వుతూనే అన్నారని ఆమె నాకు రెండుసార్లు చెప్పింది.

ఆ ఉత్సవం ఏదన్నది ఇక్కడ ముఖ్యం కాదు, ఆ నిర్వాహకుల దురుద్దేశాన్ని వెతకడం కూడా నా ఉద్దేశం కాదు. ఈ చిన్న సంఘటనలో రెండు పెద్ద ప్రశ్నలున్నాయి. కూలి లేకుండా పని చేయగలిగే స్తోమత ఈ సమాజంలో ఎవరికి ఉంది? చేతిలో తరతరాల రూపకల్పన జ్ఞానం ఉన్నవారు, రూపకల్పన ఉత్సవంలో దారి చూపే చేతులుగానే ఎందుకు మిగిలిపోతున్నారు? ఈ రెండు ప్రశ్నల మూలం ఒకటేనని నా వాదన.

నగరం, ఉత్సవం, ఆ వారం

డిజైన్ అంటే మనకు చాలాకాలం చీర అంచు, ముగ్గు, గోడ రంగు. ఇప్పుడది ఒక రంగం. కుర్చీ నుంచి ఆసుపత్రి పడక దాకా, బస్టాండు నుంచి ఫోను తెర దాకా మనిషి వాడే ప్రతి వస్తువు ఎలా ఉండాలో నిర్ణయించే రంగం అది. 2007లో కేంద్ర మంత్రివర్గం జాతీయ డిజైన్ విధానాన్ని ఆమోదించింది. 2019 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం తోడ్పాటుతో హైదరాబాద్ డిజైన్ వారోత్సవం జరిగింది. 1957లో పుట్టిన ప్రపంచ డిజైన్ సంస్థ తన ప్రపంచ సమావేశాన్ని ఆ సందర్భంగా ఇక్కడే నిర్వహించింది. డిజైన్‌ను మానవీయం చేయడం దాని ప్రధానాంశం. అప్పటి నుంచి నగరంలో ఇలాంటి వేడుకలు పెరిగాయి. పెరగడం మంచిదే. వస్తువు ఎలా ఉండాలన్న చర్చ ప్రజల్లోకి రావలసిందే.

2019 అక్టోబరులో తెలంగాణలో ఇంకో సంగతి కూడా జరుగుతున్నది. ఆ నెల 5న ఆర్టీసీ కార్మికుల సమ్మె మొదలైంది. దాదాపు 48 వేల మంది కార్మికులు విధులకు దూరంగా ఉన్నారు. నవంబరు చివరిదాకా, యాభై రోజులకు పైగా, పల్లెకూ పట్నానికీ మధ్య బస్సు మామూలుగా నడవలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడం ఆ వారోత్సవాన్ని తప్పుపట్టడానికి కాదు. మానవీయ రూపకల్పన అనే మాటను వేదిక మీద ఒకలా, తొర్రూరు బస్టాండులో మరోలా అర్థం చేసుకోవలసి వస్తుందని గుర్తుచేయడానికే. నెల్లికుదురు పిల్లకు డిజైన్ ఉత్సవం మొదలయ్యేది వేదిక ద్వారం దగ్గర కాదు, బస్సు ఎక్కేచోట. కిరాయి ఉంటేనే ఆ ద్వారం కనిపిస్తుంది.

ఇలాంటి ఉత్సవాలన్నీ స్వచ్ఛంద కార్యకర్తల మీదనే నడుస్తాయి. పేర్లు నమోదు చేయడం, అతిథులను వెంటబెట్టుకొని తేవడం, కుర్చీలు సర్దడం, ప్రదర్శన వస్తువులకు కాపలా ఉండడం, సాయంత్రం చెత్త ఏరడం వారి పనులు. ఇది హైదరాబాద్ వింత కాదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో దాదాపు 70 వేల మంది స్వచ్ఛందంగా పని చేశారు. మన దగ్గర మేడారం జాతరలోనూ, వరదల్లోనూ యువకులు అడగకుండానే చేతులు కలుపుతారు. ఈ గుణాన్ని తక్కువ చేయవలసిన పని లేదు. అయితే ఆపదలో మనిషి మనిషికి చేసే సాయం వేరు. టికెట్లు, ప్రాయోజకులు, ప్రభుత్వ నిధులు ఉన్న ఒక వేడుకకు మనిషి ఉచితంగా ఇచ్చే పని వేరు. మొదటిది సంఘీభావం. రెండోది ఒక రంగంలోకి ప్రవేశించడానికి చెల్లించే రుసుము. ఆ రుసుమును డబ్బుగా కాక రోజులుగా వసూలు చేస్తారు, అంతే తేడా.

స్వచ్ఛందం ఎవరికి స్వచ్ఛందం

స్వచ్ఛందం అంటే తన ఇష్టం ప్రకారం చేసేది. ఇష్టం ఉండాలంటే కాదనే వీలు ఉండాలి. కాదనే వీలు ఉండాలంటే ఆ పూట తిండికి లోటు ఉండకూడదు. తెలంగాణ చరిత్రలో అత్యధిక ప్రజలకు ఈ మూడూ లేవు. దొర గడీకి మాదిగలు చెప్పులు, మోట సామగ్రి ఊరకే ఇచ్చారు. కుమ్మరి కుండలు ఇచ్చాడు. చాకలి, మంగలి, బోయ, గొల్ల, సాలె, ఎవరి పని వారు, ఎవరి సొమ్ము వారు ఇచ్చుకున్నారు. దాని పేరు వెట్టి. నిజాం కాలపు తెలంగాణలో అది చట్టం కన్న బలమైన ఆచారంగా నడిచింది. మా విద్యార్థిని ఊరికి అంత దూరం కాని పాలకుర్తిలోనే చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పంటను కాపాడుకున్నది. కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ పోరాటంలో భూమి ప్రశ్నతో పాటే కూలి లేని పనిని కాదనే హక్కు కూడా ఉన్నది. ఈ రెండో దానిని మనం తక్కువగా గుర్తుచేసుకుంటాం. ఇవాళ హైదరాబాద్‌లోని మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టుకున్నాం. ఆ పేరుకు అర్థం కూడా ఇదే.

భారత రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని, నిర్బంధ శ్రమను నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. నిర్బంధమంటే కర్ర పట్టుకొని చేయించడమే కాదని, ఆకలి వల్ల, గత్యంతరం లేక కనీస వేతనం కన్న తక్కువకు పని చేయడం కూడా నిర్బంధ శ్రమేనని తేల్చింది. ఒక నగరం ప్రపంచం ముందు తన వైభవం చూపించుకోవాలనుకున్న సందర్భంలో, ఆ వైభవం కట్టిన చేతుల గురించి వచ్చిన తీర్పు అది. నాలుగు రోజుల వాలంటీరు పని వెట్టి అని నేను అనడం లేదు. అలా అంటే వెట్టి అనుభవించినవారిని అవమానించినట్లే. కాని వెట్టి జ్ఞాపకం ఉన్న ఇళ్లలో ‘ఊరకే పని’ అన్న మాట ఎలా వినిపిస్తుందో, ఆ జ్ఞాపకం లేని ఇళ్లలో అలా వినిపించదు. ఒకరికి అది ఉదారత. ఇంకొకరికి అది ముత్తాతల నాటి గాయం. మా విద్యార్థిని అడిగిన తొలి ప్రశ్న కూలి గురించే కావడం యాదృచ్ఛికం కాదు.

పల్లెలోనూ ఈ తేడా మనకు తెలిసినదే. బొడ్రాయి పండుగ వస్తే ఊరంతా కలిసి చేసుకుంటుందని అంటాం. చందా ఇచ్చేవారు, పెత్తనం చేసేవారు ఇష్టంతో చేస్తారు. డప్పు కొట్టేవారు, చాటింపు వేసేవారు, మైల తీసేవారు మాత్రం వంతు ప్రకారం చేస్తారు. ఒకరిది సేవ, ఇంకొకరిది బాధ్యత. సేవ చేసినవారి పేరు మైకులో వినిపిస్తుంది. బాధ్యత చేసినవారి పేరు ఎవరూ చదవరు. నగర ఉత్సవం ఈ పద్ధతిని కావాలని తెచ్చుకోలేదు. కానీ దానిని విడిచిపెట్టాలన్న ఆలోచనా చేయలేదు.

నాలుగు రోజుల లెక్క

అభిప్రాయాలు పక్కన పెట్టి లెక్క చూద్దాం. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆమె తల్లి చేసేది ఆ పనే. నాలుగు రోజుల ఉత్సవం, దానికి ముందు ఒక రోజు శిక్షణ కలిపి ఐదు రోజులు. తల్లి కూలి రేటు ప్రకారం అది 1,535 రూపాయల శ్రమ. ఊరి నుంచి తొర్రూరు, అక్కడి నుంచి హైదరాబాద్, రానుపోను కిరాయి. నగరంలో పడకకు బంధువుల ఇరుకు గది, అక్కడి నుంచి వేదికకు రోజూ మెట్రో, ఆటో. పొద్దుటి, రాత్రి తిండి. ఇవన్నీ చేతి నుంచి పెట్టినవి. అంటే ఆ కుటుంబం ఆ ఉత్సవానికి ఒకవైపు శ్రమను, ఇంకోవైపు డబ్బును ఇచ్చింది. ఉత్సవం బడ్జెటు ముందు అది ఆవగింజంత. ఆ ఇంటికి మాత్రం నెల సామాను.

అదే గదిలో పని చేసిన మిగతా పిల్లల్లో చాలామంది నగరం వారే. వారిని అమ్మానాన్నలు కారులో దించి వెళ్లారు. వారూ ఉచితంగానే పని చేశారు, కష్టపడే చేశారు. కాని వారి శ్రమకు ప్రతిఫలం వేరే దారిలో వచ్చింది. ఒకరికి వేదిక మీద మాట్లాడిన డిజైనరు దగ్గర శిక్షణావకాశం దొరికింది. ఇంకొకరికి విదేశీ విశ్వవిద్యాలయానికి సిఫారసు లేఖ దొరికింది. భోజన విరామంలో ఇంగ్లీషులో నాలుగు మాటలు కలపగలిగినవారికి అది సాధ్యమైంది. మా విద్యార్థినికి దక్కింది ధ్రువపత్రం, చొక్కా. ఒకే పని, ఒకే ‘ఉచితం’ ఇద్దరికి రెండు ఫలితాలు ఇస్తున్నప్పుడు దానిని సమానావకాశం అనలేం. కులం ఆధునిక రంగాల్లో ఇలాగే పని చేస్తుంది. ఎవరూ ఎవరినీ బయట నిలబెట్టరు. తలుపు తెరిచే ఉంటుంది. గడప ఎత్తు మాత్రం ఎవరూ కొలవరు.

ఈ గడప ఇంకా ముందే మొదలవుతుంది. దేశంలోని ప్రధాన డిజైన్ విద్యాసంస్థల ప్రవేశ పరీక్షలు తెలుగులో రాసే వీలు లేదు. అలాంటి పరీక్ష ఒకటి ఉందన్న సమాచారమే జిల్లా జూనియర్ కళాశాలలకు సరిగా చేరదు. ఇంజనీరింగు, వైద్యం గురించి నెల్లికుదురులో ప్రతి తల్లికీ తెలుసు. డిజైన్ ఒక చదువని ఎంతమందికి తెలుసు? తెలిసినవారికే తెలిసే రంగంలో, ఉచిత పని కూడా తెలిసినవారికే మెట్టు అవుతుంది.

ఉచిత శ్రమ మెట్టుగా మారడం గురించి బయటి ప్రపంచం ఇప్పటికే మాట్లాడుతున్నది. 2019లో లండన్‌లోని సర్పెంటైన్ గ్యాలరీ మంటపం రూపకల్పనలో జీతం లేని శిక్షణార్థుల సంగతి వివాదమైంది. ఆ మంటపం కోసం పని చేసే ప్రతి ఒక్కరికీ జీతం ఇవ్వాల్సిందేనని గ్యాలరీ ఆదేశించవలసి వచ్చింది. అమెరికాలో అధ్యక్ష భవనం 2022లో తన శిక్షణార్థులకు భృతి చెల్లించడం మొదలుపెట్టింది. ఉచితంగా పని చేయగలిగే ఇళ్ల పిల్లలకే అధికారానికి దగ్గరి దారి దొరుకుతుందన్నది అక్కడి వాదన. తరగతి గురించి వారు ఆ మాట అన్నారు. తరగతితో పాటు కులం కూడా ఉన్న సమాజంలో మనం ఆ మాట ఇంకా గట్టిగా అనాలి.

చెంబును ఎవరు రూపొందించారు

ఇక రెండో ప్రశ్న. 1958లో అమెరికా డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వ ఆహ్వానం మీద ఈ దేశం తిరిగి ఒక నివేదిక రాశారు. 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడటానికి అదే పునాది. మన దేశంలో చూసిన వస్తువులన్నింటిలో వారిని ఎక్కువగా ఆకట్టుకున్నది లోటా, మన చెంబు. ఎంత నీరు పట్టాలి, చంకలో ఎలా ఇమడాలి, తలమీద ఎలా నిలవాలి, ఎంత సులువుగా వంగాలి, ఎలా కడగాలి అని దాని గుణాలను విప్పి చూపారు. దానిని ఏ ఒక్క మనిషీ రూపొందించి ఉండడని, తరతరాలుగా ఎందరో కలిసి తీర్చిదిద్దారని రాశారు. అది నిజమైన గౌరవమే.

కాని ఆ ‘ఎందరో’ ఎవరు? వారికి కంచరి అని, కుమ్మరి అని పేర్లున్నాయి. వారి పిల్లలు ఆ డిజైన్ సంస్థల్లో విద్యార్థులుగా ఎంతమంది, ఆచార్యులుగా ఎంతమంది? చెంబును పొగిడిన ఆ నివేదికకు ఇంకో సంగతి కనిపించలేదు. అదే చెంబును తాకే హక్కు లేని ప్రజలు ఈ దేశంలో కోట్లమంది. పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగినవారికి చెంబు అందం ఎలా తెలుస్తుంది? హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి కూడా ఒక రూపకల్పనే. గ్లాసు ఆకారం, దానిని పెట్టే చోటు, కడిగే మనిషి అన్నీ ముందే నిర్ణయించి పెట్టిన వ్యవస్థ అది. వాడ ఊరికి ఏ దిక్కున ఉండాలో నిర్ణయించింది కూడా ఒక నగర ప్రణాళిక లాంటిదే. వస్తువుల సౌందర్యాన్ని మాత్రమే చూసే డిజైన్ చదువు వాటి చుట్టూ ఉన్న మనుషుల అమరికను చదవడం నేర్చుకోలేదు.

మా విద్యార్థిని చెప్పబోయి ఆగిన మోట సంగతి చూడండి. కరెంటు మోటార్లు రాకముందు తెలంగాణ బావి సేద్యానికి ఊపిరి మోట. బావి గట్టున గిరక, దాని మీదుగా లావుపాటి మోకు, మోకు కొసన బొక్కెన. బొక్కెన అడుగున పొడవాటి తోలు తొండం. తొండం కొసకు ఇంకో సన్నని తాడు. ఈ రెండు తాళ్లూ ఎద్దుల కాడికే చేరుతాయి. బావిలో ఉన్నంతసేపు సన్నతాడు తొండం మూతిని పైకి ఎత్తి పట్టుకుంటుంది, నీళ్లు కారవు. ఎద్దులు వాలుదారిలో దిగుతుంటే బొక్కెన పైకి వస్తుంది. గట్టుకు చేరగానే తొండం ముందుకు వాలి నీళ్లు తొట్టిలోకి దూకుతాయి. వంచడానికి ఇంకో మనిషి అవసరం లేదు. రెండు తాళ్ల పొడవుల మధ్య లెక్క ఒక జానెడు తప్పినా నీళ్లు మళ్లీ బావిలోకే. తోలు ఏ మందాన ఉంటే బరువుకు చిరగదో, ఏ కుట్టు వేస్తే నీరు ఓడదో, ఎన్నాళ్లకొకసారి నూనె పట్టించాలో తెలిసిన మనిషి చదువు రాని మనిషి అనిపించుకున్నాడు. నేటి భాషలో చెప్పాలంటే దానంతట అదే ఒలికే యంత్రాన్ని నిర్మించిన ఇంజనీరు అతడు. ఆ మనిషి మనుమరాలు దాని పక్కన నిలబడి ఉండగానే అట్టముక్క మీద ‘అజ్ఞాతం’ అని ఉంది.

కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన కూడా అని అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో చెప్పారు. మన కాలంలో ఆ విభజన డిజైన్, హస్తకళ అన్న రెండు మాటల్లో దాక్కున్నది. ఆలోచించేవారిది డిజైన్, చేసేవారిది హస్తకళ. డిజైన్‌కు సంతకం, రుసుము, హక్కులు ఉంటాయి. హస్తకళకు జాలి, స్టాలు, సబ్సిడీ ఉంటాయి. జనగామ పక్కనే పెంబర్తిలో రేకు మీద సుత్తితో శిల్పం తీసే విశ్వకర్మలున్నారు. పాత వరంగల్ జిల్లాకే చెందిన చేర్యాలలో నకాశీ చిత్రకారులున్నారు. చేర్యాల పటాలు ఇవాళ నగరంలో గోడ అలంకారం. అసలు అవి గోడకు పుట్టినవి కావు. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారికి, పద్మశాలులకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారికి, గౌడులకు కథ చెప్పే గౌడజెట్టివారికి, ముదిరాజులకు కథ చెప్పే కాకిపడిగెలవారికి నకాశీలు గీసి ఇచ్చిన మూరల కొద్దీ చరిత్రలు అవి. తమ పుట్టుకను తామే చెప్పుకున్న కులాల గ్రంథాలవి. గోడకెక్కినప్పుడు రంగులు మిగిలాయి, కథ చెప్పే మనిషి మాయమయ్యాడు.

కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన పుస్తకంలో కుండ చేయడం, తోలు పదును చేయడం, బట్ట నేయడం విజ్ఞానశాస్త్రాలని బోధించే ప్రయత్నం చేశారు. శ్రమగౌరవాన్ని బడిపాఠంగా పెట్టాలన్నది ఆయన కోరిక. ఆయన పుట్టిన పాపయ్యపేట కూడా మా పాత వరంగల్ జిల్లాదే. ఆ పాఠం బడికీ సరిగా చేరలేదు, డిజైన్ ఉత్సవానికీ చేరలేదు. ఈ మట్టిలో ప్రతిభకు కరువు లేదు. జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. కిరీటాలు, భుజకీర్తులు, రంగస్థలం, ముఖానికి వేసే రంగు అన్నీ తామే చేసుకునే చిందు కళాకారులు వేషరూపకల్పన గురించి ఏ డిజైన్ వేదిక మీదనైనా ఒక పూట పాఠం చెప్పగలరు. వారిని పిలిస్తే ప్రారంభ సభలో పది నిమిషాల ప్రదర్శనకు పిలుస్తాం. ప్రసంగానికి పిలవం.

ఎదురు ప్రశ్నలు

ఇక్కడ న్యాయమైన అభ్యంతరాలు కొన్ని ఉన్నాయి. ఉత్సవాలకు అంత డబ్బు ఉండదన్నది మొదటిది. నిజంగా చిన్న బృందాలు, సొంత చేతి ఖర్చుతో నడిపే వేడుకలు ఉంటాయి. వాటి సంగతి వేరు. కాని వేదిక అలంకరణకు, అతిథుల విమాన చార్జీలకు, హోటలు గదులకు డబ్బు దొరికే చోట వాలంటీరు బస్సు కిరాయికి మాత్రమే దొరకకపోవడం కొరత కాదు, ప్రాధాన్యం. కేంద్రం 2023లో ప్రారంభించిన విశ్వకర్మ పథకంలో శిక్షణకు వచ్చే కమ్మరికి, కుమ్మరికి, చెప్పులు కుట్టే మనిషికి రోజుకు 500 రూపాయల భృతి ఇస్తున్నారు. నేర్చుకునే రోజుకు కూడా విలువ కట్టవలసిందేనని ప్రభుత్వమే ఒప్పుకున్నది. ఆ సూత్రం పల్లెలో చెల్లి నగర ఉత్సవంలో ఎందుకు చెల్లదు?

జీతం ఇస్తే సేవాభావం పోతుందన్నది రెండో అభ్యంతరం. కిరాయి, తిండి, బస ఇచ్చినంత మాత్రాన ఎవరి మనసూ చిన్నబోదు. సేవాభావం అందరికీ అందుబాటులోకి వస్తుంది, అంతే.

మూడోది లోతైనది. ఇది దళిత బహుజన ఆలోచనాపరుల నుంచే వస్తుంది. తోలు, కుండ, మగ్గం గురించి ఇంత గొప్పగా మాట్లాడితే ఆ కులాల పిల్లలను మళ్లీ ఆ వృత్తులకే కట్టిపడేసినట్లు కాదా? ఈ భయం సరైనదే. గాంధీ మార్గపు వృత్తి ఆరాధనతో అంబేడ్కర్ వాదం విభేదించింది ఇక్కడే. నేను ఈ ప్రశ్ననే మా విద్యార్థిని ముందు పెట్టాను. ఆమె జవాబు నాకన్న స్పష్టంగా ఉంది. ‘తాత చేసిన పని నేను చేయాలని లేదు సార్. తాతకు తెలిసింది నాకు తెలియాలని ఉంది. తెలుసని చెప్పుకునే హక్కు కావాలని ఉంది’ అన్నది. వృత్తికి కట్టుబడటం, జ్ఞానానికి వారసులు కావడం రెండూ ఒకటి కావు. బ్రాహ్మణుని మనుమడు పౌరోహిత్యం వదిలి శాస్త్రవేత్త అయినా తాత పాండిత్యం అతని వెంట గౌరవంగా వస్తుంది. మాదిగ తాత పాండిత్యం మనుమరాలి వెంట అవమానంగానే ఎందుకు రావాలి? ఆమె డిజైనరు కావచ్చు, న్యాయవాది కావచ్చు, ఏదైనా కావచ్చు. ఆ జ్ఞానం ఆమెకు బరువుగా కాక బలంగా ఉండాలి.

ఏం చేయాలి

తెలంగాణ ప్రభుత్వం 2024 చివర్లో ఇంటింటికీ వెళ్లి చేసిన కుల సర్వేలో వెనుకబడిన తరగతులు 56 శాతానికి పైగా, షెడ్యూల్డు కులాలు 17 శాతానికి పైగా, షెడ్యూల్డు తెగలు 10 శాతానికి పైగా ఉన్నట్లు తేలింది. మహబూబాబాద్ జిల్లాలో గిరిజనుల వాటా ఇంకా ఎక్కువ. అద్దాలు, గవ్వలు కుట్టిన లంబాడీ స్త్రీల బట్టలు చూడనివారు ఇక్కడ ఉండరు. ఈ లెక్కలను ఉద్యోగాలకు, స్థానిక ఎన్నికలకు మాత్రమే అన్వయిస్తే సరిపోదు. ప్రభుత్వ నిధులు, ప్రభుత్వ స్థలాలు, ప్రభుత్వ ముద్ర పొందే ప్రతి సాంస్కృతిక వేడుకకూ అన్వయించాలి.

అందుకు పెద్ద విప్లవాలేమీ అక్కర్లేదు. ప్రభుత్వ సహాయం తీసుకునే ఉత్సవం తన వాలంటీర్లకు కనీసం ప్రయాణం, బస, రోజు భృతి ఇవ్వాలన్న నిబంధన పెట్టవచ్చు. పిలుపు తెలుగులోనూ, ఉర్దూలోనూ ఉండాలి. సంక్షేమ గురుకులాలకు, జిల్లా డిగ్రీ కళాశాలలకు అది నేరుగా చేరాలి. వాలంటీర్లలోనే కాదు, ఎంపిక సంఘాల్లో, వక్తల్లో ఏ సామాజిక వర్గాల వారు ఎంతమంది ఉన్నారో ఏటా ప్రకటించాలి. ప్రదర్శనలో పెట్టిన ప్రతి వస్తువు పక్కన చేసిన మనిషి పేరు, ఊరు ఉండాలి. మనిషి పేరు దొరకకపోతే ఆ పనితనాన్ని నిలబెట్టిన సమూహం పేరు రాయాలి. ‘అజ్ఞాతం’ అన్న మాట తెలియకపోవడం వల్ల కంటే అడగకపోవడం వల్లే ఎక్కువగా వస్తుంది. చేతివృత్తుల వారిని స్టాలుకు కాదు, వేదికకు పిలవాలి. మిగతా వక్తలకు ఇచ్చిన రుసుమే వారికీ ఇవ్వాలి. చివరగా, ఉత్సవం ఎప్పుడూ హైటెక్ సిటీ చుట్టే ఎందుకు తిరగాలి? ఒక ఏడాది జనగామలో, ఒక ఏడాది మహబూబాబాద్‌లో జరిగితే నగరం పిల్లలు బస్సెక్కి వస్తారు. వారికీ కిరాయి ఇద్దాం.

విశ్వవిద్యాలయాల బాధ్యత కూడా ఉంది. విద్యార్థులను ఉచిత పనికి పంపేటప్పుడు ‘మంచి అనుభవం’ అని ఊరుకోవడం మానాలి. ఆ అనుభవానికి ఎవరు ఎంత చెల్లిస్తున్నారో అడగాలి. ఆ మాట నేను నాకే చెప్పుకుంటున్నాను.

ఈ ఏడాది అదే ఉత్సవం నుంచి ఆమెకు మళ్లీ పిలుపు వచ్చింది. నిరుడు బాగా పని చేసినవారిని వారు గుర్తుపెట్టుకున్నారట. ఈసారి ఆమె నన్ను ఏమీ అడగలేదు, జవాబు రాసి నాకు చూపించింది. వస్తానని, రానుపోను కిరాయి, ఐదు రోజుల భృతి ఇవ్వాలని, మోట బొక్కెన పక్కన నిలబెడితే దాని గురించి చెప్పనివ్వాలని అందులో ఉంది. ఆ అట్టముక్క మీద రాయడానికి తాత పేరు, ఊరి పేరు కూడా జతచేసింది. ఈ వ్యాసం రాసే నాటికి జవాబు రాలేదు. ఆ జవాబు కోసం ఆమె ఒక్కతే కాదు, నెల్లికుదురు మొత్తం ఎదురుచూస్తున్నదని నిర్వాహకులు గ్రహిస్తే చాలు.